ఆటోనగరులో ఒక బ్యాటరీ దుకాణము

విజయవాడ ఆటోనగరమున లారీ బాడీలు కట్టువారి సుత్తి చప్పుళ్లను, వెల్డింగు వెలుగులను దాటి లోపలి వీథులలోనికి పోయినచో, డౌనయిన బ్యాటరీలకు మరల ప్రాణము పోయువారి చిన్న దుకాణములు కానవచ్చును. అందొక మేస్త్రి నైపుణ్యమును గూర్చి మిత్రులవలన విని, ఆయన పనిని కన్నులార చూడవలెనని వెళ్లితిని. గుమ్మములో అడుగిడినంతనే యాసిడు ఘాటు ముక్కును తాకినది. గచ్చు తెల్లబారి పెచ్చులూడి యుండెను. మేస్త్రి చొక్కా అంచున యాసిడు తినివేసిన చిల్లులు జల్లెడను తలపించుచుండెను.

పాలిటెక్నిక్ చదువుచున్న యువకుడొకడు స్వయముగా కూర్చుకొన్న చార్జరును అప్పుడే తెచ్చి బల్లపై పెట్టినాడు. రేకుడబ్బాలో ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఒక అమ్మీటరు, బారెడేసి పొడవున రెండు సన్నని తీగెలు: ఇంతియే దాని సామగ్రి. 60 యాంపియర్-అవర్ల కారు బ్యాటరీకి అందులో పదవవంతు, అనగా 6 యాంపియర్ల చార్జింగు వాడుక. ఈ చార్జరున ముల్లు ఒక్క యాంపియరునైనను చేరుట లేదు.

"బ్యాటరీయే పోయిందేమోనండీ" అనెను యువకుడు.

మేస్త్రి మారుమాటాడక మూతలు విప్పి, ఆరు సెల్లులలోను హైడ్రోమీటరు ముంచి చూచెను. అన్నింటను సాంద్రత ఇంచుమించుగా 1.180, నిండిన బ్యాటరీయందది 1.260కి పైబడి యుండవలెను. పలకలపై సల్ఫేటు గట్టిపడిన బ్యాటరీయైనచో, చార్జరు తగిలించిన కొలదిసేపటికే ఓల్టులు చివ్వున పైకెగయును, సాంద్రత మాత్రము పెరుగదు. ఇచట చార్జింగులోను మీటరు 12.5 వద్దనే నిలిచెను. "బ్యాటరీ బాగానే ఉంది బాబూ, దానికి కరెంటే అందటంలేదు" అని ఆయన డబ్బా వైపు తిరిగెను. డయోడ్లలో ఒకటి తెగినను కరెంటు సగమగును గనుక, నాలుగింటిని విడివిడిగా పరీక్షించెను, నాలుగును నిర్దుష్టములే.

"సెకండరీ ఎంతది?"

"పన్నెండండీ. బ్యాటరీ కూడా పన్నెండే కదండీ!"

ఈ ప్రశ్నోత్తరములలోనే లోపమంతయు ఇమిడి యున్నది. కాలువ మట్టము చేనికంటె ఎత్తున ఉన్నగాని నీరు పారదని మేస్త్రి చెప్పిన మాట కృష్ణా డెల్టా బిడ్డయైన ఆ యువకునికి వెంటనే బోధపడెను. 12 ఓల్టుల ఏ.సి. తరంగము శిఖరమున 17 ఓల్టులు ముట్టును. బ్రిడ్జిలో ఏకకాలమున రెండు డయోడ్లను దాటునప్పటికి ఒకటిన్నర, రెండు ఓల్టులు హరించును. మిగిలిన 15 ఓల్టులును శిఖరము చెంత క్షణకాలము మాత్రమే నిలుచును గనుక, 12.5 ఓల్టుల బ్యాటరీలోనికి కరెంటు ఆ కొద్ది వ్యవధిలోనే ప్రవేశింపవలెను. బ్యాటరీ నిండి 14 ఓల్టులను సమీపించుకొలది ఆ వ్యవధియు కుంచించుకొని పోవును. కెపాసిటరు వేసిన చాలదా యని యువకుడడుగగా, "బ్యాటరీ తగిలించాక ఓల్టేజీని అదే పట్టి ఉంచుతుంది, కెపాసిటరుకు పనేముంది?" అని మేస్త్రి త్రోసిపుచ్చెను.

పిమ్మట ఆయన చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. చార్జింగు నడచుచుండగనే మీటరు కడ్డీలను ఒక తీగె రెండు కొనలకును ఆనించి, ఆ సన్నని తీగె ఎంత ఓల్టేజీని మ్రింగుచున్నదో కన్నులకు కట్టునట్లు చూపెను. ఖాళీగా ఉన్న సర్క్యూటులో ఈ దోషము కానరాదు. లోడు మీద కొలిచినప్పుడే బయటపడును. మన తరగతి గదులలో ఈ అలవాటును నేర్పుట లేదన్న చింత నాకు చిరకాలముగా కలదు.

అటకపై నుండి 15 ఓల్టుల, 10 యాంపియర్ల ట్రాన్స్‌ఫార్మరును దింపి, తీగెలను లావుపాటివిగా, పొట్టివిగా మార్చి, టెర్మినళ్లపై పేరుకొన్న తెల్లని బూజును గీకి బిగింపగా ముల్లు 4 యాంపియర్లు దాటినది. ఇంతకు మించి ఆశింప నక్కరలేదని, నిదానముగా నిండిన బ్యాటరీయే మన్నునని మేస్త్రి అభిప్రాయము. నాకును అదియే సమ్మతము.

ఇండ్లలో ఇట్టివి చేసికొను యువకులకు ఒక మనవి. ఈ చార్జరు తనంతట తాను ఆగదు, 14.4 ఓల్టులు చేరినంతనే దానిని మీరే ఆపవలెను. గది కిటికీలు తెరచి యుంచుడు. చార్జింగువేళ వెలువడు హైడ్రోజను ఒక్క నిప్పురవ్వకే ప్రేలును గనుక, ముందు ప్లగ్గు తీసి, ఆ పిమ్మటనే బ్యాటరీ క్లిప్పులను ముట్టుకొనుడు.