లెక్కలో పడని రోజులు

మా హోసూరు ప్రాంతంలో ఎవరికైనా పని దొరికిందంటే ఊరివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పర్మనెంటా, కాంట్రాక్టా?" పర్మనెంటు అంటే ఆ ఇంటికి సంబంధాలు వస్తాయి. కాంట్రాక్టు అంటే, "పోనీలే, ఏదో ఒకటి" అంటారు. ఆ 'ఏదో ఒకటి'లోనే మన పిల్లల్లో చాలామందికి ఇరవై నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య వయసంతా గడిచిపోతున్నది. నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక కర్మాగారం టైం ఆఫీసులో గుమాస్తాగా హాజరు పట్టీలు రాసినవాణ్ణి. రోజుల లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ తప్పిపోతుందో నాలుగు మాటలు చెప్పవచ్చునని ఈ వ్యాసానికి పూనుకొన్నాను. బెంగళూరు, బళ్ళారి, కోయంబత్తూరు, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడున్న మనవాళ్ళకైనా ఇందులో కొంత పనికొస్తుందనుకుంటాను.

తాత్కాలికపు పని మనకు కొత్త కాదు. మా మోరసునాడు మెట్టసీమ. రాగులు, అనుములు పండే నేల. వాన పడితే పని ఉంటుంది, లేకపోతే లేదు. నాట్లకూ కోతలకూ ముయ్యాళ్ళు ఉండేవారు. ఈ రోజు నువ్వు నా చేలో, రేపు నేను నీ చేలో. జీతగాడైతే ఉగాదికి కుదిరి మళ్ళీ ఉగాదికి దిగిపోయేవాడు. ఇన్ని మూటల రాగులు, ఒక కంబళి, ఒక జత చెప్పులు అని నలుగురి ముందర మాట్లాడుకొనేవారు. ఆ కాలమే బాగుండేదని నేననను. అప్పు తీరక తండ్రి జీతం కొడుకు మెడకు చుట్టుకొన్న ఇళ్ళు మా ఊళ్ళోనే ఉండేవి. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిందంటే ఊరికే రాలేదు. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. కుదుర్చుకొన్నది ఏమిటో కుదిరినవాడికి అర్థమయ్యే భాషలో, పదిమంది వినేటట్టు చెప్పేవారు. ఇప్పుడు కాగితం ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, మేస్త్రీ కేకలేసేది కన్నడంలో. సంతకం చేసేది మాత్రం ఇంగ్లీషు కాగితం మీద.

1970లలో సిప్కాట్ వారు హోసూరులో పారిశ్రామిక వాడ పెట్టారు. తరువాత లారీలు, మోపెడ్లు, గడియారాలు చేసే కర్మాగారాలు వచ్చాయి. నేను చేరిన నాటికి మా ఆఫీసులో హాజరు పట్టీ దాదాపు ఒకటే. రిటైరయ్యేనాటికి నాలుగయ్యాయి. మొదటిది అప్రెంటిసులది. 1961 నాటి చట్టం కింద పని నేర్చుకొనేవారు వీరు. వీరికిచ్చేది జీతం కాదు, స్టైపెండు; భద్రతకు, ఆరోగ్యానికి సంబంధించినవి తప్ప తక్కిన కార్మిక చట్టాలు చాలావరకు వీరికి వర్తించవు. రెండోది ప్రొబేషను వారిది, అంటే పర్మనెంటుకు ముందు పరీక్షాకాలంలో ఉన్నవారు. మూడోది గడువు ఉద్యోగం, ఫిక్స్‌డ్ టర్మ్ అనేది. దీన్ని 2018లో కేంద్ర ప్రభుత్వం అన్ని పరిశ్రమలకూ అనుమతించింది. ఇన్నాళ్ళని ముందే చెప్పి కంపెనీయే నేరుగా పెట్టుకొంటుంది. ఆ గడువులో అదే పని చేసే పర్మనెంటు వారితో సమానంగా జీతభత్యాలివ్వాలి. నాలుగోది కాంట్రాక్టు. పని కంపెనీలో, యజమాని మాత్రం కాంట్రాక్టరు.

ఈ నలుగురూ ఒకే రంగు చొక్కా తొడుక్కొని ఒకే బస్సులో వస్తారు. హక్కులు మాత్రం నాలుగు రకాలు. అందుకే ఉద్యోగానికి పోయేవాడు జీతమెంత అని అడిగేముందు "నన్ను ఏ పట్టీలో రాస్తారు?" అని అడగాలంటాను.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. బేరికె దగ్గరి పల్లె నుంచి వచ్చి అద్దెకున్న సంసారం వాళ్ళది. ప్లస్ టూ అయ్యాక ఒక పెద్ద కర్మాగారంలో విడిభాగాలు బిగించే పనికి పోయింది. మూడేళ్ళ తరువాత అత్తిబెలెలో ఇంతకన్న మంచి పని ఉందని తెలిసి అడగబోతే, అనుభవానికి రుజువు తెమ్మన్నారు. కాగితాల సంచీ పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"తాతా, మూడేండ్లు ఆడనే చేస్తిని. మిషను మారలే, సూపరవైజరు మారలే. మెడలో తాడు మాత్రం మూడు రంగులాయె" అంది.

తాడు అంటే గుర్తింపు కార్డు వేలాడదీసే పట్టీ. మొదట నీలం, తరువాత పచ్చ, ఆ తరువాత నారింజ. ఒక్కొక్క రంగు ఒక్కొక్క కాంట్రాక్టరుది. రంగు మారినప్పుడల్లా పాత కార్డు వెనక్కి తీసుకొని ఒక కాగితం మీద సంతకం చేయించుకొన్నారు. అందులో ఏముందమ్మా అంటే, "అందరూ చేస్తిరి, నేనూ చేస్తిని" అంది. అదృష్టం కొద్దీ ఒకదాన్ని సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచింది. నా ఇష్టప్రకారం పని మానుకొంటున్నాను, నాకు రావలసినదంతా ముట్టింది అని ఉంది అందులో. మూడేళ్ళలో ఆ పిల్ల రెండుసార్లు రాజీనామా ఇచ్చింది. రెండుసార్లూ మరునాడు పొద్దున అదే బస్సెక్కి అదే మిషను దగ్గరికి పోయింది.

ఎందుకిలా చేస్తారో పట్టీలు రాసిన చేతికి తెలుసు. ఒక సంస్థలో 24 నెలల కాలంలో 480 రోజులు ఎడతెగకుండా పనిచేసిన కార్మికుణ్ణి పర్మనెంటు చేయాలని తమిళనాడు 1981లో చట్టం చేసింది. లెక్క ఆ అంకె దాకా రాకుండా ఆపడానికి రెండు దారులు తొక్కుతారు. మధ్యలో కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టడం ఒకటి. యజమాని పేరు మార్చడం మరొకటి. దీన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. కాని ఇన్ని రోజులు ఇక్కడే పనిచేశానని చూపించవలసిన భారం ముందుగా కార్మికుడి మీదే పడుతుంది. తన చేత్తో సంతకం చేసిన రాజీనామా అప్పుడు ఎదురుసాక్ష్యమై నిలుస్తుంది.

ఇద్దరం కూర్చొని ఆమె రోజులను వెతికాం. ప్రావిడెంటు ఫండులో 2014 నుంచి ఒక సౌకర్యం ఉంది. ఎన్ని కంపెనీలు మారినా ఒకే నంబరు, యు.ఏ.ఎన్. అనేది. ఆ పుస్తకం తెరిచి చూస్తే మొదటి కాంట్రాక్టరు, మూడో కాంట్రాక్టరు సక్రమంగా కట్టారు. నడిమివాడు తొమ్మిది నెలలు పైసా కట్టలేదు. జీతంలో మాత్రం పన్నెండు శాతం పట్టుకొన్నాడు. జీతం బ్యాంకులో వేయక చేతికిచ్చేవాడు. చిన్న చీటీ ఒకటి ఇచ్చేవాడు. ఆ తొమ్మిది చీటీల్లో ఆమె దగ్గర మిగిలినవి ఆరు.

కాంట్రాక్టరు కట్టకపోతే పి.ఎఫ్. బాధ్యత పని చేయించుకొన్న కంపెనీ మీద ఉంటుంది. ఆ మాట రాసి, చీటీల నకళ్ళు జతచేసి పి.ఎఫ్. ఆఫీసుకు ఫిర్యాదు పంపాం. ఏడు నెలలు తిరిగాక ఆరు నెలల డబ్బు జమ అయింది. చీటీలు లేని మూడు నెలలది ఈ రోజుకీ రాలేదు. అత్తిబెలె వాళ్ళు అంతకు ముందే బ్యాంకు పుస్తకం, పి.ఎఫ్. పుస్తకం చూసి రెండేళ్ళ అనుభవాన్ని ఒప్పుకొన్నారు. చీటీల మీద ముద్ర లేదు కనుక వాటిని పక్కన పెట్టారు. ఆమెకు ఉద్యోగమైతే దొరికింది, ఒక మెట్టు కింద. తొమ్మిది నెలలు నిలబడి బిగించిన విడిభాగాలు ఏ బండ్లలోనో తిరుగుతున్నాయి. ఆ రోజులు మాత్రం ఆమె లెక్కలో లేవు.

పని తాత్కాలికం కావచ్చు, దాని రుజువు తాత్కాలికం కాకూడదు. నేను పిల్లలకు చెప్పేదంతా ఈ ఒక్క మాటే.

చట్టం ఇప్పుడు ఏమంటున్నదో కొంచెం చెబుతాను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమలులోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికుడు అడిగితే, చేసిన పని వివరాలతో కాంట్రాక్టరు అనుభవపత్రం ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోపల ముట్టాలి. పని మానినా, మాన్పించినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. అదనపు గంటలకు రెట్టింపు కూలి. గడువు ఉద్యోగికి ఐదేళ్ళు ఆగనక్కరలేదు, ఏడాది చేస్తే గ్రాట్యుటీ వస్తుంది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే కంపెనీయే చెల్లించాలి. ఇవన్నీ బాగున్నాయి. ఒక లోటు కూడా ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది ఉన్నచోట వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 50 అయింది. చిన్న షెడ్డుల్లో పనిచేసేవారికి నీడ తగ్గింది. కాగితం అవసరం వారికే ఎక్కువ.

ఇక చేతిలో ఉన్న పనులు. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాణ్ణి గుమ్మంలోనుంచే పంపేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. చదవడం రాని భాషలో కాగితమిస్తే "రేపు చదివించుకొని వస్తాను" అనండి; ఒప్పుకోకపోతే ఫొటో అయినా తీసుకోండి. జీతం బ్యాంకులోనే వేయమనండి. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, షిఫ్టు, గంటలు రోజూ రాసుకోండి. పి.ఎఫ్. నిల్వ తెలుగులోనే ఫోనుకు సందేశంగా తెప్పించుకొనే వీలుంది. నెలకొకసారి చూసుకొంటే నడిమివాడి తొమ్మిది నెలలు మొదటి నెలలోనే బయటపడేవి.

ఇ.ఎస్.ఐ. సంగతి కూడా మరిచిపోకూడదు. 2019 జూలైలో కార్మికుడి వాటాను జీతంలో నూటికి ముప్పావు రూపాయిగా, యజమాని వాటాను మూడుంబావుగా నిర్ణయించారు. పనిలో దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే రక్షణ ఉంది. జబ్బు చేసి పడుకొన్నప్పుడు వచ్చే భత్యానికి మాత్రం ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా ఉండాలి. కాంట్రాక్టరు మారే సందులో రోజులు పోతే ఈ లెక్క కూడా తప్పుతుంది.

యజమానులనూ కాంట్రాక్టర్లనూ తిట్టి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. లారీలకు ఎత్తుదింపు కూలీలను పంపే చిన్న కాంట్రాక్టరు ఒకాయన నాకు బాగా తెలుసు. ఆయన గోడు ఇది: "అన్నా, కంపెనీ నా బిల్లు రెండు నెలలకు పాసు చేస్తాది. నేను ఏడో తేదీకి కూలి ఇయ్యల్ల. తక్కువ రేటు రాసినోనికే పని ఇస్తారు. ఆ తక్కువ యాడనుంచి తెచ్చేది?" ఆయన అబద్ధం చెప్పడం లేదు. కనీస కూలి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కలిపితే వచ్చే మొత్తం కంటే తక్కువకు ఒకడు కొటేషను రాశాడంటే, ఆ తేడా కూలివాడి జేబులోంచే వస్తుంది. దాన్ని చూసి కూడా ఒప్పుకొనే కంపెనీ, నాకేం తెలియదని తరువాత అనడానికి వీల్లేదు.

కనుక మనుషులను పెట్టుకొనేవారికి నాది ఒక మనవి. ముందు నెల పి.ఎఫ్. చలానాలో ప్రతి పేరూ ఉందా అని చూసి కాంట్రాక్టరు బిల్లు పాసు చేయండి. పాసు చేసిన బిల్లుకు ఆలస్యం లేకుండా డబ్బివ్వండి. పని ఎన్నాళ్ళో తేదీతో చెప్పండి. "బాగా చేస్తే పర్మనెంటు చేస్తాం" అన్న మాట ఉద్దేశం లేకుండా అనకండి. ఆ మాట నమ్మి వేరే ఉద్యోగాలు వదులుకొన్నవాళ్ళను గేటు దగ్గర చాలామందిని చూశాను. పని ముగిసిన రోజు అడగకుండానే అనుభవపత్రం చేతికివ్వండి; దానికయ్యే ఖర్చు ఒక కాగితం. నియామక షరతులు ఒక్క పేజీ తమిళం, కన్నడం, తెలుగులలో గేటు దగ్గర అంటించండి. అర్థమై చేరినవాడు నెలకే మానిపోడు. కొత్తవాళ్ళకు మళ్ళీ మళ్ళీ పని నేర్పే ఖర్చు మీకే తగ్గుతుంది.

మన తెలుగు సంఘాలతో కూడా ఒక మాట. ఉగాదికి కవి సమ్మేళనాలు పెడుతున్నాం, శతకపద్యాల పోటీలు పెడుతున్నాం, సంతోషమే. నెలకు ఒక ఆదివారం, ఇంగ్లీషు చదవగలిగిన ఇద్దరు పెద్దలు సంఘం గదిలో కూర్చొని, పిల్లలు తెచ్చిన కాగితాలను తెలుగులో చదివి వినిపిస్తే చాలు. వకీళ్ళు కానక్కరలేదు. ఏముందో చెబితే సంతకం చేయాలో వద్దో వాళ్ళే తేల్చుకొంటారు. మా వీధి అరుగు మీద నేను ఈ పని మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున పది గంటలకు. వచ్చేవాళ్ళు చదవవలసిన కాగితంతో పాటు జీతపు చీటీలన్నీ తెచ్చుకోవాలి, ముద్ర ఉన్నవీ లేనివీ కూడా.