బక్షీస్ ఇయ్యాల్నా, వద్దా?

మన జోడ్‌భావి పేట్‌లో ఒకప్పుడు హోటల్‌కు పోవడమంటే చహా తాగి రావడమే. ఇంట్లో అన్నం ఉండంగ బయట తినేవాణ్ణి పెద్దలు మెచ్చేవారు కాదు. ఇప్పుడు పిల్లల పుట్టినరోజైనా, దివాళీ బోనస్ చేతికొచ్చినా ఇంటిల్లిపాదీ హోటల్‌కు పోతున్నాం. తిన్నంక బిల్లు వస్తుంది, దాని వెంట ఒక పేచీ కూడా వస్తుంది. వడ్డించిన పిల్లవాడికి ఏమైనా ఇయ్యాలా? ఇస్తే ఎంత?

మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. "సేఠ్ పగార్ ఇస్తడు కదా, మనమెందుకియ్యాలె? నేను నేసిన చద్దర్ కొన్నోడు ఎవడన్న నాకు పది రూపాయలు పంపిండా?" అంటాడు మా అన్న. వదిన ఊరుకోదు. "చద్దర్ కొన్నోనికి నువ్వు కండ్లబడవు. ఈ పిల్లగాడు మన ముందటనే మన ఎంగిలి ప్లేట్లు తీసిండు" అంటుంది.

మా చెల్లెలి కొడుకు పూణేలో ఒక హోటల్‌లో వడ్డన పని చేస్తాడు. పగార్ పెంచమని అడిగితే "పైన టిప్పులు వస్తయి కదా" అన్నాడట యజమాని. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మనమిచ్చే పైసలు పిల్లవాడి చేతికి అదనంగా పోతున్నాయా, లేక సేఠ్ ఇయ్యాల్సిన పగార్‌ను మనం కడుతున్నామా?

అమెరికాలో అక్కడి కేంద్ర చట్టమే దీనికి వీలిచ్చింది. టిప్పులొచ్చే పనివాళ్ళకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పులతో నిండాలి. 1991 నుంచి ఆ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తున్నా, కొన్నింట్లో నేటికీ ఇదే లెక్క. అందుకే అక్కడ టిప్పు దాదాపు పగార్‌లో భాగం. జపాన్‌లోనైతే టిప్పు ఇచ్చే అలవాటే లేదు. మన దేశంలో 1948లో కనీస వేతన చట్టం వచ్చింది. టిప్పులు వస్తున్నాయని కనీస వేతనం తగ్గించడానికి మన చట్టంలో వీలు లేదు.

ఈ తేడా మిల్లు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. మొదట్లో బోనస్ కూడా యజమాని దయతో ఇచ్చే బక్షీసే. కార్మికులు కొట్లాడారు, కోర్టులకు పోయారు. 1965లో బోనస్ చట్టం వచ్చింది. చట్టం వర్తించేచోట ఇప్పుడు కనీసం 8.33 శాతం ఇచ్చి తీరాలె. దయతో వచ్చేది ఏ రోజైనా ఆగిపోతుంది. హక్కుగా వచ్చేదాన్ని అడిగి తీసుకోవచ్చు. టిప్పు ఇంకా దయే.

అట్లని ఇయ్యకుండా లేచి రమ్మని నేననను. పని నచ్చితే, మనకు కుదిరినంత ఇద్దాం. ఇంత శాతమని ఎవరూ మనల్ని కట్టడి చెయ్యలేరు. యజమానే స్వయంగా వడ్డించే ఖానావళిలో ఇయ్యనక్కరలేదు. ఫోన్‌తో బిల్లు కడితే పైసలన్నీ యజమాని ఖాతాకే పోతాయి. కనుక టిప్పు విడిగా, నోటు రూపంలో పిల్లవాడి చేతికే ఇయ్యాలి. బల్ల తుడిచేవాడిని కూడా యాది పెట్టుకోవాలి. కూర ఆలస్యమైతే తప్పు వంటింటిది, తెచ్చినవాడిది కాదు.

బిల్లు ఒకసారి చదవండి. జీఎస్టీ ప్రభుత్వ పన్ను, అది కట్టాల్సిందే. 'సర్వీస్ చార్జ్' అని వేస్తే మాత్రం అది పన్ను కాదు. మనల్ని అడగకుండా దాన్ని బిల్లులో కలపొద్దని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటనే నిలబెట్టింది. తీసెయ్యమని మర్యాదగా అడగవచ్చు. వినకుంటే 1915కు ఫోన్ చెయ్యవచ్చు.

చిటికెలు వేసి పిలిచేవాళ్ళ మీదనే మా అల్లునికి కోపమెక్కువ. టిప్పు లేకున్నా బాధపడడట. "తమ్మీ" అంటే ఏం పోతుంది?

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు హోటల్ పనికి పోతే, చేరేముందే పగార్ ఎంత, ఎన్ని గంటలు అని అడిగించండి. "టిప్పులతో కలిపి ఇంత" అని జవాబొస్తే, టిప్పులు తీసేసి ఎంత అని మళ్ళీ అడిగించండి.