తోక చూసి పేరు చెప్పు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సార్ అడిగితే మేము చాలా ఆలోచించాం. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. మాకు కవితలు రావు. మాకు తెలిసింది విమానాల సంగతి. అది కూడా పెద్ద విమానాలు కావు. ఇద్దరే కూర్చునేవి, డబ్బాల్లో వచ్చిన విడిభాగాలను ఇంటి షెడ్డులో బిగించి కట్టుకోగలిగేవి. విమానాల గురించి రాయడానికి ఒక కారణం ఉంది. అది చివర్లో చెప్తాం.

మేము రూము నంబరు 9లో ఉన్న నలుగురం. ఒకరి అమ్మ బీడీలు చుడుతుంది, ఒకరి నాన్న మార్కెట్ యార్డులో హమాలీ, మిగతా ఇద్దరి ఇళ్ళల్లో కూలి పని. నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మాలో ఇద్దరి పేరు ఒకటే. ఇంటిపేరులో మొదటి అక్షరం కూడా ఒకటే. అందుకని ఒకడిని ఆలేరోడు అని, ఇంకొకడిని పరిగోడు అని పిలుచుకునేవాళ్ళం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డిగ్రీలో నలుగురం ఎన్.సి.సి. ఎయిర్ వింగులో చేరాం. నిజం చెప్పాలంటే యూనిఫారం కోసం, పరేడు తర్వాత ఇచ్చే టిఫిన్ కోసం చేరాం. మొదటిసారి ఎయిర్‌ఫీల్డుకు తీసుకెళ్ళినప్పుడు హ్యాంగరులో తెల్లటి చిన్న విమానం కనిపించింది. రేకో ప్లాస్టిక్కో తెలుసుకుందామని ఆలేరోడు వేలితో తట్టబోతే సార్ గట్టిగా కేకేశారు. దాని పేరేంటని అడిగితే "వైరస్" అన్నారు. కరోనా ఇంకా పూర్తిగా పోని రోజులు. మేము నలుగురం ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశాం. సార్ నవ్వి, స్లొవేనియా దేశపు పిపిస్ట్రెల్ కంపెనీ పెట్టిన పేరే అదని చెప్పారు. 2015లో మన దేశం వైమానిక దళానికి, నౌకాదళానికి, ఎన్.సి.సి.కి కలిపి అలాంటివి 194 కొనడానికి ఒప్పందం చేసుకుందట.

ఆ రోజు మధ్యాహ్నం సార్ కొన్ని ఫోటోలు తెచ్చి పేర్లు చెప్పమన్నారు. మాకన్నీ ఒకటే విమానంలా కనిపించాయి. పైన రెక్క, కింద ఇద్దరు మనుషులు, ముందు ఫ్యాను. పరిగోడు ధైర్యం చేసి అన్నింటికీ "వైరస్" అని చెప్పాడు. సార్ కోప్పడలేదు. "పేరు తర్వాత చెప్పండిరా. ముందు ఏం కనిపిస్తుందో చెప్పండి" అన్నారు. ఐదు ప్రశ్నలు బోర్డు మీద రాశారు: రెక్క ఎక్కడ ఉంది? ఇంజిన్ ఎక్కడ ఉంది? తోక ఎలా ఉంది? ఒంటికి కప్పింది గుడ్డా, రేకా, ఇంకేమైనానా? మూడో చక్రం ముందుందా, వెనకుందా?

ఆ ఐదు ప్రశ్నలు పట్టుకుని మేము లైబ్రరీలోనూ సెల్‌ఫోన్‌లోనూ వెతికి వెతికి ఒక రెండు వందల పేజీల నోట్సు నింపాం. అందులోవి కొన్ని మీకూ చెప్తాం.

మొదటి జత ఎక్స్-ఎయిర్, స్కైరేంజర్. ఎక్స్-ఎయిర్‌ను మన బెంగళూరులోని రాజహంస అల్ట్రాలైట్స్ వాళ్ళు తయారుచేశారు. ఇక్కడి నుంచి కిట్లుగా విదేశాలకు వెళ్ళింది. స్కైరేంజర్ ఫ్రాన్సుది. రెండూ అల్యూమినియం గొట్టాల మీద కుట్టిన గుడ్డ తొడిగినవే, రెండింటికీ రెక్క పైనే. దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. అయితే ఎక్స్-ఎయిర్‌లో తల మీదుగా ఒక లావు గొట్టం ముందు నుంచి తోక దాకా పోతుంది. మన ఇళ్ళ కప్పుకు దూలం ఉన్నట్టు. ఆ దూలం ముందు కొసన ఇంజిన్, అంటే మనుషుల తలల ఎత్తున ఉంటుంది. స్కైరేంజర్‌లో ఆ దూలం లేదు. తిన్నని గొట్టాలను త్రికోణాలుగా బోల్టులతో బిగిస్తారు, ఇంజిన్ మామూలుగా ముక్కు దగ్గర ఉంటుంది. ఇంజిన్ ఎంత ఎత్తున ఉందో చూస్తే చాలు. కానీ ఒక మెలిక ఉంది. రాజహంస వాళ్ళే తర్వాత హనుమాన్ అనే మోడల్ చేసి ఇంజిన్‌ను కిందికి, ముక్కులోకి దించారు. కాబట్టి "బెంగళూరుదైతే ఇంజిన్ పైన" అని బట్టీ పడితే తప్పుతారు.

రెండో జత ఆవిడ్ ఫ్లయర్, కిట్‌ఫాక్స్. రెండూ అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పుట్టాయి. డీన్ విల్సన్ ఆవిడ్‌ను 1983లో, డాన్ డెన్నీ కిట్‌ఫాక్స్‌ను 1984లో తెచ్చారు. రెండింటి రెక్కలూ వెనక్కి మడిచి బండి మీద ఇంటికి తీసుకుపోవచ్చు. రెండింటికీ రెక్క వెనక అంచు కింద వేరే పలకలు వేలాడుతుంటాయి. తేడా ముక్కులో ఉంది. పాత కిట్‌ఫాక్స్ ముక్కు గుండ్రంగా, చుట్టూ బుడిపెలతో పాతకాలపు విమానంలా ఉంటుంది. ఆవిడ్‌ది కోసుగా నున్నగా ఉంటుంది. ఇక్కడా మెలికే. తర్వాతి కిట్‌ఫాక్స్‌లకు నున్నని ముక్కు కూడా వచ్చింది.

మూడో జత మమ్మల్ని చాలా ఏడిపించింది. సి.హెచ్. 701, సవానా. సి.హెచ్. అంటే క్రిస్ హైంట్జ్, కాంకార్డ్ విమానం పనిలో ఉండి తర్వాత కెనడా వెళ్ళిన ఇంజినీరు. 701 మొదట ఎగిరింది 1986లో. ఒళ్ళంతా రేకు, రివెట్లు. చిన్న పొలం గట్టు మీద నుంచి లేచేట్టు రెక్క ముందు అంచుకు సందు వదిలి ఇంకో పలక బిగించి ఉంటుంది. ఇటలీ వాళ్ళ సవానా అచ్చం దానిలాగే ఉంటుంది. సవానా వి.జి. మోడల్‌లో ఆ పలక తీసేసి, రెక్క మీద వరసగా చిన్న చిన్న రేకు ముక్కలు పెట్టారు. దొరికింది తేడా అని మేము సంబరపడ్డాం. తీరా చూస్తే 701 కట్టుకున్నవాళ్ళలో కొందరు కూడా పలక పీకేసి అవే ముక్కలు అంటించుకున్నారు! అప్పుడు తోక చూడాలి. 701లో నిలువు తోక మొత్తం ఒకే ముక్కగా తిరుగుతుంది. సవానాలో ముందు భాగం కదలదు, వెనక చుక్కాని మాత్రమే తిరుగుతుంది.

ఇక మా వైరస్. తోక ఇంగ్లీషు 'టి' అక్షరంలా ఉంటుంది. గుడ్డ కాదు, రేకు కాదు, కాంపోజిట్ ఒళ్ళు. దాని అన్న సైనస్ కూడా అచ్చం అలాగే ఉంటుంది కానీ రెక్క దాదాపు 15 మీటర్లు. మొదటి వైరస్‌ది పన్నెండున్నర. ఎస్.డబ్ల్యు. అంటే పొట్టి రెక్క, 11 మీటర్లలోపే. చివరనున్న 80 ఇంజిన్ హార్స్ పవర్.

ఇన్ని మెలికలు ఎందుకంటే ఇవి కట్టుకునే విమానాలు. అమెరికాలో అలాంటి రిజిస్ట్రేషను కావాలంటే సగానికి పైగా పని సొంతంగా చేసుకోవాలి. ఎవరికి వాళ్ళు నచ్చిన రంగు వేస్తారు, దొరికిన ఇంజిన్ పెడతారు, చక్రం ముందుకో వెనక్కో మారుస్తారు. ఫోటోలో పక్కన రాసిన పేరు కూడా తప్పు కావచ్చు. అందుకే సార్ ఎప్పుడూ అనేవారు: "బట్టలు చూడకండిరా, ఎముకలు చూడండి."

ఇప్పుడు కారణం చెప్తాం.

ఫైనలియర్‌లో పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో ఆలేరోడికి హాల్ టికెట్ ఇవ్వమన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదట, మొత్తం బాకీ ఉందట. విచారిస్తే వాడి డబ్బు పరిగోడి పేరు మీద జమ రాసి ఉంది. పేరు ఒకటే, హాస్టల్ ఒకటే, గ్రూపు ఒకటే. మూడు రోజులు తిరిగాం. ఆఫీసులో ఒకాయన తల కూడా ఎత్తకుండా అన్నాడు: "మీ హాస్టలోళ్ళంతా ఒక్కతీరుగనే ఉంటరు. ఎవడు ఎవడో మాకెట్ల తెలుస్తది?"

ఆ రాత్రి ఆలేరోడు అన్నం తినలేదు. ఊరికి పోయి వాళ్ళ నాన్నతో హమాలీకి పోతానని బ్యాగు సర్దుకున్నాడు. మేమేమీ మాట్లాడలేకపోయాం. కాసేపటికి పరిగోడే లేచి విమానాల నోట్సు తీశాడు. వెనక పేజీలో మధ్యలో గీత గీసి, ఒక పక్క తన పేరు, ఒక పక్క ఆలేరోడి పేరు రాశాడు. రెండు పేర్లూ ఒకటే. కింద ఐదు ప్రశ్నలు. తండ్రి పేరేంటి? పదో తరగతి హాల్ టికెట్ నంబరెంత? కులధ్రువీకరణ పత్రం నంబరెంత? స్కాలర్‌షిప్ దరఖాస్తు నంబరెంత? బ్యాంకు ఖాతా చివరి నాలుగు అంకెలేంటి? ఐదింటికి ఐదూ వేరు. ఆ పేజీకి జిరాక్సులు జతచేశాం.

పొద్దున్నే నలుగురం వెళ్ళి ఆ కాగితం బల్ల మీద పెట్టాం. గొడవ పడలేదు. "సార్, పేరు ఒక్కటే. మిగతావి చూడండి" అన్నాం. ఆయన చాలాసేపు చూశాడు. కంప్యూటర్ తెరిచాడు. పావుగంటలో తప్పు దొరికింది. డబ్బు సరిచేయడానికి చాలా రోజులు పట్టింది కానీ హాల్ టికెట్ ఆ సాయంత్రమే వచ్చింది. పరీక్ష ఫీజు మన హాస్టల్ వాళ్ళే పదులు, ఇరవైలు వేసి కట్టారు. ఎవరెవరు ఎంతిచ్చారో ఆ నోట్సులో రాసే ఉంది. ఆలేరోడు ఇప్పుడు బి.ఇడి. చేస్తున్నాడు. మాలో ఇద్దరం పి.జి.లో ఉన్నాం, పరిగోడు పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు.

తమ్ముళ్ళూ, మిమ్మల్నీ ఎవరో ఒకరు "మీరంతా ఒక్కతీరే" అంటారు. బాధపడండి, తప్పు లేదు. కానీ బ్యాగు సర్దుకోకండి. మీ కాగితాల నంబర్లన్నీ ఒక పేజీలో రాసి దగ్గర పెట్టుకోండి. మీ పక్క మంచం వాడి ఊరేదో, వాళ్ళ నాన్న పేరేంటో తెలుసుకోండి. మనం కూడా ఒకరినొకరం సరిగ్గా చూసుకోకపోతే ఆఫీసు వాళ్ళను అనడానికి లేదు.

ఆ నోట్సును హాస్టల్ లైబ్రరీకి ఇచ్చాం, కింది అరలో ఉంటుంది. ఇంకా ఖాళీ పేజీలున్నాయి. కొత్త విమానం కనిపిస్తే రాయండి. ముందు తోక చూడండి, తర్వాతే పేరు రాయండి.

ఇట్లు,
రూము నంబరు 9 పూర్వ విద్యార్థుల తరఫున,
ఎం.ఎస్‌సి. ఫిజిక్స్, ద్వితీయ సంవత్సరం