కాలెత్తి చూసిన పరీక్ష

బళ్లారిలో పత్తి బేలంటే 170 కిలోలు. దొర్లిస్తుంటే నడుంలో కలుక్కుమంది. అప్పట్నుంచి ఎడమకాలు పిరుదు నుంచి పాదం దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. మా ఆమె బాము రుద్దీరుద్దీ అలిసిపోయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మేస్త్రీ అది విని "సెలవు కోసం నాటకం" అన్నాడు. ఆ మాటకే ఎక్కువ నొచ్చింది.

ఇంకో డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు మెల్లగా ఎత్తాడు. 40 డిగ్రీలు లేచిందో లేదో, పిక్క దాటి పాదం దాకా నిప్పు పాకింది. తర్వాత బాగున్న కుడికాలు ఎత్తాడు. నొప్పి ఎడమకాల్లోనే! నేనే నమ్మలేదు. "డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. ఇది నాటకంలో రాదప్పా" అన్నాడు. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుందంట, నరం కాదు.

బొటనవేలు పైకి లాగమన్నాడు, మడమల మీద నడిపించాడు. బలం తగ్గలేదు, ఆపరేషన్ వద్దన్నాడు. ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తాలంట. ఇది మాత్రం మన ఇళ్లల్లో అందరూ గుర్తు పెట్టుకోండి.

రెండు నెలలకు తగ్గింది. చీటీ మేస్త్రీకిచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. ఇప్పుడు బేలుకి నలుగురం పడుతున్నాం.