కసాగు

పోయిన చలికాలంలో ఒక ఆదివారం ఉదయం తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. గుమ్మంలో లేతనీలం చీర, మెడలో సన్నని సిలువ, చేతిలో గుడ్డసంచి. జుట్టు పూర్తిగా నెరిసింది. "అమ్మగారున్నారా నాయనా?" అన్న తరువాత గాని గుర్తుపట్టలేకపోయాను. అమ్మ పోయి నాలుగేళ్ళయిందని చెప్పాను. ఆవిడ కాసేపు గుమ్మంలోనే నిలబడి, తరువాత లోపలికి వచ్చారు.

1990ల మొదట్లో ఈ సిస్టర్ మా పద్మారావు నగర్ వెనక బస్తీలో ఆడపిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పేవారు. పదకొండుమంది పిల్లలు, ఒక రేకుల షెడ్డు, ఒక నల్లబల్ల. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు కూడా అందులో ఉండేది. ఆవిడకు బదిలీ వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. లెక్కలు బాగా వచ్చునని అమ్మ గొప్పగా చెప్పిన పాపానికి, "వారానికి రెండు రోజులు లెక్కలు చెప్పు బాబూ, కొత్త సిస్టర్ వచ్చేదాకా" అని అడిగారు. సరేనన్నాను. మూడు వారాలు వెళ్ళాను. తరువాత ఎంసెట్ వచ్చింది.

ఇప్పుడు ఆవిడకు ఏ బాధ్యతలూ లేవట. పనిచేసిన ఊళ్ళన్నీ ఒక్కొక్కటిగా తిరిగి, ఇల్లిల్లూ పలకరించి వస్తానని పైవారిని అడిగి అనుమతి తీసుకున్నారు. బస్సు దిగి దారి తప్పారట. "ఇక్కడ ముషీరాబాద్ జైలు ఉండాలి కదా!" అన్నారు. ఆ స్థలంలోకి గాంధీ ఆసుపత్రి వచ్చింది 2003లో అని, దాని పేరు మీద 2020 నుంచి మెట్రో స్టేషను కూడా ఉందని చెప్తే నవ్వారు.

కాఫీ తాగుతూ తను పుట్టింది గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో అన్నారు. ఆ ఆసుపత్రిని పెంచిన మేరీ గ్లౌరీ సంగతి అలా వచ్చింది. మెల్బోర్న్‌లో పేరున్న వైద్యురాలు, 1920లో ముప్ఫై రెండేళ్ళ వయసున గుంటూరు వచ్చి సన్యాసినిగా చేరారు. 1943లో ఆవిడ స్థాపించిన కాథలిక్ ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1957లో బెంగుళూరులో కన్నుమూసేదాకా ఆవిడ మళ్ళీ ఆస్ట్రేలియా ముఖం చూడలేదు. 1871లోనే టురిన్ నుంచి సికింద్రాబాద్ వచ్చిన సెయింట్ ఆన్స్ సిస్టర్ల కాలంలోనైతే ఓడెక్కడమంటే అయినవారికి చివరి సెలవు చెప్పడమే.

"వాళ్ళు ఇల్లు వదులుకున్నారు. కానీ చేసిన పని దగ్గరే ఉండిపోయారు. నాటిన మొక్క కాసిందో ఎండిందో కళ్ళతో చూశారు. మాకు ఆ భాగ్యం లేదు నాయనా. పొమ్మంటే పెట్టె సర్దుకుని పోవడమే. అందుకే ఇప్పుడు చూడ్డానికి వచ్చాను" అన్నారు సిస్టర్.

నాకు కాఫీ గొంతు దిగలేదు. మూడు వారాలకే మానేశానని చెప్పేశాను. కొత్త సిస్టర్ రావడం ఆలస్యమైందని, ఆలోగా పిల్లలు చెదిరిపోయారని అమ్మ ద్వారా తెలిసి కూడా అటు వెళ్ళలేదని చెప్పాను.

ఆవిడ ఓదార్చలేదు, మందలించలేదు. "పద, చూసొద్దాం" అని లేచారు.

రేకుల షెడ్డున్న చోట మూడంతస్తుల ఇల్లు లేచింది. వాకబు చేయగా చేయగా ఒక్క ఇల్లు దొరికింది. మా పనావిడ కూతురే. కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి సిస్టర్ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నావైపు చూసింది.

"అన్నా, మీరు కసాగు మర్నాడు చెప్తానన్నారు. పలకలు పట్టుకుని చీకటి పడేదాకా కూచున్నాం."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అదే నాకు తల ఎత్తనివ్వలేదు. తిరిగి రావడానికి ఎంత ధైర్యం కావాలో ఆ గుమ్మంలో నిలబడినప్పుడే తెలిసింది. వీధి చివరనే ఉన్న నేను ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారీ రాలేకపోయాను. ఆవిడ వచ్చారు.

టీ తాగి వస్తుంటే, ఆరో తరగతి చదువుతున్న వాళ్ళమ్మాయి పుస్తకం పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. భిన్నాల కూడిక దగ్గర ఆగిపోయిందట. సిస్టర్ నావైపు చూడనైనా చూడలేదు. చెప్పులు వేసుకుంటూ ఉండిపోయారు.

ఆవిడ ఆ మర్నాడే తరువాతి ఊరికి వెళ్ళిపోయారు. ప్రతి శనివారం వస్తానని నేను ఆ పిల్లకు మాట ఇచ్చాను. ఇప్పటికి రెండు శనివారాలు గడిచాయి. గండం మూడో వారం దాటాక ఉంటుందని నాకు తెలుసు. నలుగురికీ చెప్పుకుంటేనన్నా మానేయడానికి సిగ్గు అడ్డం వస్తుందని ఇదంతా రాశాను.