రాయపూరు వారి సముద్రం

సముద్రం లేని రాయపూరుకు విశాఖపట్నమే సముద్రం. ప్రధానంగా మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించుటకై 1933లో అక్కడ రేవు తెరిచారు. రాయపూరు–విజయనగరం రైలుమార్గం 1931లోనే పూర్తయింది. విశ్రాంత జీవులమైన మేమిద్దరం మాత్రం పడక, పొయ్యి అమర్చిన వ్యానులో జగదల్‌పూర్, కోరాపుట్‌ల మీదుగా అరకు చేరాము. బొర్రా గుహలను తొలిచిన గోస్తనీ నదే భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. విశాఖలో ‘కుర్సురా’ జలాంతర్గామిని చూచి (దానికంటె మా వ్యానే విశాలమనిపించింది) ఆ నదీముఖానికి వెళ్ళాము. భీమిలి నా శ్రీమతి పుట్టిన ఊరు. డచ్చివారి సమాధుల చేరువనున్న తీరాన మూడు సాయంత్రాలు గడిచాయి.

నాలుగవనాడు ఆమె, “ఇక్కడే ఉండిపోదామండీ,” అన్నది. మనుమలు రాయపూరులో ఉన్నారని గుర్తుచేశాను.

“సెలవులకు వస్తారు,” అంటూ అద్దె ఇళ్ళు విచారించుటకు బయలుదేరింది. నేను వ్యానులో కాఫీకి నీళ్ళు పెట్టాను.