బూతులు మానేశాక మిగిలినవి





మన సంఘాల్లో సాక్ష్యానికి ఎవరు లేచినా వరస దాదాపు ఒకటే. ఫలానా కూడికలో మారుమనస్సు పొందాను, ఆ రోజు నుంచి మందు, సిగరెట్టు, సినిమాలు, బూతులు మానేశాను అంటారు. అందరం ‘స్తోత్రం’ అంటాం. అనాల్సిందే. మొగుడు తాగుడు మానితే ఇంట్లో ఎంత ఊరటో ఆ ఇల్లాలికే తెలుసు. బూతులు మానడమూ చిన్న పని కాదు, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ బండి నడిపేవాళ్లని అడగండి. నా దిగులంతా ఆ జాబితాలోకి ఎప్పుడూ ఎక్కనివాటి గురించి.

‘అమేజింగ్ గ్రేస్’ రాసిన జాన్ న్యూటన్ మీకు తెలుసు. ప్రసంగాల్లో ఆయన కథని బానిసల ఓడ, తుఫాను, ప్రార్థన, పాట అంటూ నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది గానీ జరిగింది అది కాదు. తుఫాను వచ్చింది 1748 మార్చిలో. ఆ దెబ్బతో న్యూటన్ తిట్లు మానేశాడు, నిజమే. బానిసల వ్యాపారం మాత్రం మానలేదు. పైగా కెప్టెన్ అయింది ఆ తర్వాతే. ఆదివారాలు ఓడ మీద నావికులను కూర్చోబెట్టి ఆరాధన జరిపేవాడు. అదే ఓడలో, డెక్కు కింద, ఆఫ్రికా మనుషులు రెండు వరసలుగా, ఒకరి పైన ఒకరు అరల్లో పడి ఉండేవారు. పక్కకి ఒత్తిగిల్లే చోటుండదు. అలాంటి ఓడల్లో తెల్లారి చూస్తే ఒకే సంకెళ్లలో బతికున్నవాడూ శవమూ కలిసి ఉండేవారని తర్వాత ఆయనే రాశాడు.

1754లో ఓడ ఎక్కబోయే ముందు మూర్ఛ వచ్చి పడిపోయాడు. సముద్రం వదిలింది అందుకే, మనసు విరిగి కాదు. 1764లో పాస్టరయ్యాడు. ఆ పాట 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాసింది. ఆ వ్యాపారం ఘోరమని, అందులో తన చేయి ఉందని అచ్చులో ఒప్పుకుంది 1788లో, ఓడ దిగిన 34 ఏళ్లకు.

బైబిలు చదివే మనిషికి అంతకాలం పట్టడానికి కారణం ఆయన రాతల్లోనే ఉంది. ఆ రోజుల్లో అది మర్యాదస్తుల వ్యాపారం. తిడితే తప్పని చెప్పేవాళ్లున్నారు గానీ, మనుషుల్ని కొని అమ్మితే తప్పని ఆయన చుట్టూ అనేవాళ్లు లేరు. అందరూ తప్పనేది త్వరగా మానేస్తాం. అందరూ చేసేది మనకు కనపడనే కనపడదు.

మన ఇళ్లలో చూడండి. ప్రార్థన చేసి పెళ్లిచూపులకు వెళ్తాం, తీరా అక్కడ మొదట అడిగేది కులం, తర్వాత కట్నం. పనిచేసే ఆమెకు టీ ఇచ్చే గ్లాసు విడిగా, బయట కిటికీ గట్టు మీద ఉంటుంది. నాలుగు రోజులు రాకపోతే జీతంలో కోస్తాం. ఆ నెల మందిరంలో కానుక మాత్రం తగ్గదు. కోతవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఎంత సూటిగా చెప్పినా, దాని మీద ప్రసంగం విని ఎన్నాళ్లయింది? సువార్తలోని జక్కయ్య మారాడని యెరికో ఊరికి తెలిసింది ఆయన కన్నీళ్ల వల్ల కాదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. లెక్క తేలింది.

న్యూటన్ ఆ మాత్రమైనా మారాడు. మారాక ఊరుకోలేదు. ఆ ఒప్పుకోలు ఉన్న పుస్తకం పార్లమెంటు సభ్యుల చేతికి వెళ్లింది, బానిసల వ్యాపారం మీద జరిగిన విచారణలో సాక్ష్యమూ చెప్పాడు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశాడు.

ఒక్కటి అడుగుతాను. ఈసారి సాక్ష్యం చెప్పేముందు, ఏం చెప్పబోతున్నారో మీ ఇంట్లో పనిచేసే ఆమెకో, పొలానికొచ్చే కూలీకో వినిపించండి. ఇంకేమైనా కలపాలా అని అడగండి. వాళ్లేమన్నారో నాకు రాయండి. పేర్లు లేకుండా వచ్చే సంచికలో వేస్తాను.

మీ సహోదరుడు